అడవి కాపరులతో నాలుగు మాటలు



అడవినీ, అడవి మృగాలనూ కాపాడే పనిలో ఉన్న కొందరితో నేను జరిపిన సంభాషణల గురించి ఈ ప్రసంగంలో మీకు చెప్పదలచుకున్నాను. ముందుగా ఒక మాట. నేను అటవీ శాఖ ఉద్యోగిని కాను. జంతుశాస్త్రం చదువుకున్నవాణ్ణీ కాను. చంద్రపూర్ జిల్లాలో, వార్ధా నదికి దక్షిణాన, రాజురా వైపు ఒక బడిలో పంతులుని. పగలంతా మరాఠీలో పాఠం చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి తెలుగులో మాట్లాడుకునే మనిషిని. మీలో చాలామంది నాలాంటి వారే. 1956 వరకు మా రాజురా తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది కదా. సరిహద్దు గీత మారింది గాని, మా ఇళ్ళల్లో మాట మారలేదు.

మరి ఒక బడిపంతులుకి పులులతో ఏం పని అని మీరు అడగవచ్చు. ఆ పని నాకు ఒక విద్యార్థి పెట్టాడు.

ఒకనాడు ఆరో తరగతి పిల్లలకు 'మన జాతీయ జంతువు' అని వ్యాసం ఇచ్చాను. అందరూ పాఠంలో ఉన్నదే రాశారు. పులి అందమైనది, బలమైనది, దాన్ని మనం కాపాడాలి అని. ఒక్క పిల్లవాడు మాత్రం మూడు వాక్యాలు రాసి ఊరుకున్నాడు. 'పులి మన జాతీయ జంతువు. మా అమ్మమ్మ ఇప్పపూలు ఏరడానికి పోయింది. మళ్ళీ రాలేదు.' అంతే. కింద మార్కులు వేయడానికి నాకు చెయ్యి ఆడలేదు. ఆ కాగితాన్ని పక్కన పెట్టాను. ఈ పిల్లవాడికి 'పులిని కాపాడాలి' అని ఏ ముఖంతో చెప్పను? చెప్పకుండా ఎలా ఉండను? ఆ చిక్కుతోనే, ఆ ఏడాది సెలవుల్లో ఆ పనిలో ఉన్నవాళ్ళనే వెతుక్కుంటూ వెళ్ళాను.

వాళ్ళ మాటలు చెప్పేముందు మన ప్రాంతం సంగతి కొంచెం చెప్పుకుందాం. చంద్రపూర్ అనగానే మనకు బొగ్గు గనులు, థర్మల్ విద్యుత్ కేంద్రం, బల్లార్‌పూర్ కాగితం మిల్లు, చైత్రమాసంలో మహాకాళి జాతర గుర్తొస్తాయి. ఆ ఊరికి ఉత్తరాన ఉన్నదే తాడోబా అడవి. 1955లో దాన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. మహారాష్ట్రలో అన్నిటికంటే పాతది అదే. 1986లో పక్కనున్న అంధారి అడవి అభయారణ్యమైంది. 1995లో రెండూ కలిసి తాడోబా-అంధారి పులుల సంరక్షణ కేంద్రంగా ఏర్పడ్డాయి. నడిమధ్య అడవి సుమారు 625 చదరపు కిలోమీటర్లు. దాని చుట్టూ ఊళ్ళూ పొలాలూ కలిసిన బఫర్ ప్రాంతం 1100 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది.

తాడోబా అన్న పేరు ఎలా వచ్చిందో తెలుసునా అండీ? తారూ అనే గోండు పెద్ద ఒకాయన పులితో పోరాడి ప్రాణం విడిచాడని అక్కడివారు చెప్పుకుంటారు. చెరువు గట్టున ఆయనకు గుడి ఉంది. పుష్యమాసంలో అక్కడ జాతర జరుగుతుంది. అంటే చూడండి, పులి చేతిలో పోయిన మనిషి పేరే ఆ పులుల అడవికి పెట్టుకున్నారు. ఈ తగువు మన నాటిది కాదన్నమాట.

లెక్కలు కూడా రెండు చెబుతాను. 2022 లెక్కింపు ప్రకారం దేశం మొత్తం మీద సుమారు 3,682 పులులున్నాయి. మహారాష్ట్రలో 2014లో 190, 2018లో 312, 2022లో 444. ఒక్క తాడోబా కేంద్రంలోనే 2022లో 97 ఉన్నాయి. జిల్లాలో ఆ కేంద్రం బయట ఉన్న పులులు వేరే. అడవి మాత్రం పెరగలేదు. ఊళ్ళు తరగలేదు. ఇక్కడే ఉంది అసలు సంగతి.

నేను మొదట మాట్లాడింది ఒక బీట్ గార్డుతో. మరాఠీలో వనరక్షకుడు అంటారు. ముప్ఫై అయిదేళ్ళ వాడు. చేతిలో కర్ర, జేబులో ఫోను, భుజాన నీళ్ళ సీసా. ఆ ఫోనులో ఎం-స్ట్రైప్స్ అనే యాప్ ఉంటుంది. ఆయన ఏ దారిన నడిచాడో, ఎక్కడ ఏ పాదముద్ర చూశాడో, ఎక్కడ చెట్టు కొట్టి ఉందో అంతా అందులో ఎక్కుతుంది.

"తుపాకి ఉండదా?" అని అడిగాను.

"కర్రే తుపాకి, సార్" అని నవ్వాడు. "పులి ఎదురైతే వీపు చూపించకూడదు. పరుగెత్తకూడదు. దాన్నే చూస్తూ మెల్లిగా వెనక్కి అడుగు వేయాలి. ఎక్కువసార్లు అదే తప్పుకొని పోతుంది. దానికి మనతో పనేముంది?"

"భయం వేయదా?"

ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత 2021 నవంబరు 20 నాటి సంగతి చెప్పాడు. ఆ రోజు కోలారా రేంజిలో పులుల లెక్కింపుకు ముందు చేసే పాదముద్రల సర్వేకు ఒక మహిళా గార్డు ముగ్గురు సహాయకులతో నడిచి వెళ్ళింది. దారికి అడ్డంగా ఆడపులి కూర్చుని ఉంది. ఆగి చూశారు. అది కదలలేదు. చుట్టు తిరిగి పోదామని చెట్ల మధ్య నుంచి నడుస్తుంటే వెనక నుంచి వచ్చి ఆమెను పట్టుకుంది. చిన్న వయసు. ఇంట్లో పసిబిడ్డ. ఆ సంగతి మనం పత్రికల్లో చదివి మరచిపోయి ఉంటాం. ఆయన మరచిపోలేదు.

"మర్నాడు మళ్ళీ అడవికి వెళ్ళాం సార్. వెళ్ళకపోతే ఎట్లా? వానాకాలంలో పర్యాటకులకు లోపలి అడవి గేట్లు మూసేస్తారు. వేటగాళ్ళకు అదే అదను. మాకు ఆ మూడు నెలలే ఎక్కువ పని" అన్నాడు.

వేట అనేది ఎక్కడో దూరపు మాట అనుకోకండి. 2025 జనవరిలో పులుల వేట ముఠాకు చెందిన ఒక మనిషిని మా రాజురా దగ్గరే పట్టుకున్నారు. మన సంతలో, మన బస్టాండులో, మన పక్కనే తిరిగిపోయేవాళ్ళు వాళ్ళు. కొత్తవాళ్ళు అడవి అంచున గుడారం వేస్తే ఆ వార్త గార్డుకి చేర్చేది ఎవరు? ఊరివాళ్ళే. "మా కళ్ళు రెండు, ఊరి కళ్ళు వెయ్యి" అన్నాడాయన. ఊరివాళ్ళకు అడవి శాఖ మీద కోపముంటే ఆ వెయ్యి కళ్ళూ మూసుకుపోతాయి. ఆయనకు అన్నిటికంటే పెద్ద భయం పులి కాదట, అదేనట.

రెండో సంభాషణ మోహర్లీ గేటు దగ్గర. అక్కడ స్త్రీలు కూడా గైడ్లుగా పనిచేస్తున్నారు. వారిలో ఒక అక్క దగ్గరలోని ఊరి మనిషే. పర్యాటకులను జిప్సీ బండిలో ఎక్కించుకుని రోజూ లోపలికి తీసుకుపోతుంది. పెద్దపులిని చూడకపోతే డబ్బు దండగ అని సణిగేవాళ్ళకు ఆమె చుక్కల దుప్పి అరుపు వినిపిస్తుంది, అడవిదున్నను చూపిస్తుంది, రేచుకుక్కల మంద ఎలా వేటాడుతుందో చెబుతుంది.

"ఇంతకుముందు ఏం చేసేవారమ్మా?" అని అడిగాను.

"కట్టెలు కొట్టి అమ్మేదాన్ని గురూజీ. అప్పుడు పులి అంటే పారిపోయేదాన్ని. ఇప్పుడు పులి వల్ల నా పొయ్యి వెలుగుతోంది. అదీ గ్యాసు పొయ్యి" అంది.

ఆ మాటలో చాలా అర్థం ఉందండీ. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం శ్యామాప్రసాద్ ముఖర్జీ జన-వన వికాస యోజన అని మొదలుపెట్టింది. పులుల కేంద్రాల చుట్టూ ఉన్న ఊళ్ళకు గ్యాసు కనెక్షన్లు, ఇతర జీవనోపాధి సాయం అందులో భాగం. కట్టెల కోసం అడవికి పోయే అడుగులు ఎన్ని తగ్గితే అన్ని ప్రాణాలు మిగిలినట్టు.

కాని ఆమె ఇంకో మాట కూడా అంది. "గేటు ఉన్న ఊరికి పులి లక్ష్మి. గేటు లేని ఊరికి పులి యముడు." మా వైపు ఊళ్ళకు గేటు లేదు, హోటలు లేదు, జిప్సీ లేదు. పులి మాత్రం ఉంది. ఆమె మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

లోపలి అడవిలోంచి బయటికి తరలిపోయిన ఊళ్ళ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. బోటెఝరి, నవేగావ్, జామ్ని వంటి ఊళ్ళు అలా తరలినవే. తాతముత్తాతల నాటి దేవతలను, ఇప్పచెట్లను విడిచి రావడం తేలిక కాదు. వాళ్ళు ఖాళీ చేసిన పొలాలు ఇవాళ గడ్డిభూములయ్యాయి. అక్కడ దుప్పులు మేస్తాయి, వాటి వెనక పులులు వస్తాయి. పర్యాటకులు ఫోటో తీసుకునే ఆ పచ్చిక ఒకప్పుడు ఎవరిదో వరిమడి అని మనం గుర్తుంచుకుంటే మంచిది.

ఇక మూడో సంభాషణ ఒక పశువైద్యుడితో. పులికి మత్తు సూది వేసే బృందంలో పనిచేసిన వాడు. మా ప్రాంతం వాళ్ళకు ఆర్‌టి-1 అన్న పులి గుర్తుండే ఉంటుంది. 2019 నుంచి 2020 అక్టోబరు వరకు రాజురా, విరూర్ అడవుల్లో ఎనిమిది మందిని చంపింది. ఆ రోజుల్లో మా బడికి పిల్లలు గుంపులుగా, ముందొక పెద్దమనిషి వెనకొక పెద్దమనిషి కర్రలు పట్టుకుని రాగా, వచ్చేవారు. చివరికి 2020 అక్టోబరు 27న దాన్ని పట్టి నాగపూర్ గోరేవాడ కేంద్రానికి పంపారు.

"అన్ని నెలలు ఎందుకు పట్టింది?" అని అడిగాను. అందరం అప్పుడు తిట్టుకున్న ప్రశ్న అదే కదా.

"మొదట అదే పులి అని తేల్చాలి. పులి చారలు మన వేలిముద్రల వంటివి. ఒకదాని చారలు ఇంకొకదానికి ఉండవు. అడవిలో చెట్లకు కట్టిన కెమెరాల ముందు నుంచి అది పోయినప్పుడు పడిన ఫోటోతో పోల్చి చూస్తాం. తప్పు పులిని పట్టుకుంటే చంపే పులి అక్కడే ఉంటుంది, చంపని పులి బోనులో ఉంటుంది. ఆ తర్వాత మత్తు సూది. దగ్గరికి పోవాలి, గాలి చూడాలి, బరువు అంచనా కట్టాలి. అన్నిటికంటే కష్టం ఏమిటో తెలుసా? జనం" అన్నాడు.

జనం గుమిగూడితే పులి బెదురుతుంది. బెదిరిన పులి పొదలోంచి పొదలోకి దూకుతుంది. సెల్‌ఫోన్లో బొమ్మ తీయాలని ముందుకు తోసుకొచ్చేవాళ్ళే దెబ్బలు తింటారు. అందుకే కొన్ని ఊళ్ళల్లో ఆ ఊరి యువకులతోనే ప్రైమరీ రెస్పాన్స్ టీము అని ఏర్పాటు చేశారు. పులి ఊరికి దగ్గరగా వచ్చిందని తెలియగానే వాళ్ళు జనాన్ని ఆపుతారు, పశువులను మళ్ళిస్తారు, అటవీ సిబ్బందికి కబురు చేస్తారు. అందులో ఒక కుర్రాడితోనూ మాట్లాడాను. "పులిని ఆపడం తేలికే గురూజీ, మా మామలను ఆపడమే కష్టం" అన్నాడు. నవ్వొచ్చినా అది నిజం.

ఆ వైద్యుణ్ణే ఇంకో ప్రశ్న అడిగాను. తాడోబా అక్కడెక్కడో ఉంటే పులులు మా రాజురాకూ, కాగజ్‌నగర్‌కూ ఎందుకు వస్తున్నాయి?

ఆయన మా బడి సంగతితోనే జవాబిచ్చాడు. "మీ దగ్గర పదో తరగతి పాసయిన పిల్లవాడు ఊళ్ళో పని లేకపోతే ఏం చేస్తాడు? రైలెక్కుతాడు. పులిపిల్లా అంతే. సుమారు రెండేళ్ళు తల్లి దగ్గర ఉంటుంది. తర్వాత తన జాగా తాను వెతుక్కోవాలి. లోపల జాగాలన్నీ పెద్ద పులులవి. కాబట్టి నడుస్తుంది."

ఎంత దూరం నడుస్తుంది? యవత్మాళ్ జిల్లా తిపేశ్వర్ అడవిలో పుట్టిన ఒక మగపులికి 2019లో మెడపట్టీ కట్టారు. అది ఆదిలాబాద్ జిల్లా అడవుల్లోకి కూడా వచ్చి, మళ్ళీ మహారాష్ట్రలోకి మళ్ళి, బుల్ఢాణా జిల్లాలోని జ్ఞానగంగ అభయారణ్యం చేరింది. నెలల తరబడి మొత్తం 3,000 కిలోమీటర్లకు పైగా నడిచిందని మెడపట్టీ చెప్పింది. పత్తిచేలు, రోడ్లు, వాగులు, ఊళ్ళ పక్క దారులు అన్నీ దాటింది.

మన వైపు దారి కూడా అలాంటిదే. తాడోబా నుంచి రాజురా మీదుగా, వార్ధా, ప్రాణహిత నదుల ఒడ్డున, సిర్పూర్, కాగజ్‌నగర్ అడవుల గుండా కవ్వాల్ దాకా పులుల నడక దారి ఉంది. కవ్వాల్‌ను 2012లో పులుల కేంద్రంగా ప్రకటించారు. ఈ దారి మీదే మన బల్లార్షా-కాజీపేట రైలు మార్గం ఉంది, రోడ్లు ఉన్నాయి, బొగ్గు గనులు ఉన్నాయి. తాడోబాకు ఆనుకుని లోహారా దగ్గర బొగ్గు గని తవ్వాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు చంద్రపూర్‌కు చెందిన ఈకో-ప్రో సంస్థ నాయకుడు బండూ ధోత్రే నిరాహారదీక్ష చేశారు. 2009లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఆ ప్రతిపాదనను పక్కన పెట్టింది. బొగ్గు మనకు కూడు పెడుతుంది, కాదనను. మా ఊళ్ళో సగం ఇళ్ళు గని జీతంతో నడిచేవే. కాని ప్రతి గుట్టా తవ్వేస్తే నడిచే పులి మన ఊరి వీధిలోంచి నడవక ఎక్కడ నడుస్తుంది?

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. మా పక్కన జివతీ, కెరమెరి మధ్య కొన్ని ఊళ్ళకు రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉన్నాయి, రెండు చోట్ల ఓట్లూ ఉన్నాయి. పులికీ అదే పరిస్థితి. ఈ నెల ఇక్కడి కెమెరాలో, వచ్చే నెల అక్కడి కెమెరాలో. రెండు రాష్ట్రాల వాళ్ళూ ఫోటోలు పక్కపక్కన పెట్టి చారలు పోల్చుకుంటే గాని అది ఒకటో రెండో తేలదు.

అవతలి వైపు కూడా దుఃఖం తక్కువ లేదు. 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరుతున్న ఒక యువతిని పులి చంపింది. అదే 2024 జనవరిలో అదే అడవిలో, విషం కలిపిన పశువు మాంసం తిని పులులు చచ్చాయి. మనవైపు 2025 మే 10న సిందేవాహి తాలూకాలో తునికాకు కోయడానికి పోయిన ముగ్గురు స్త్రీలు ఒక్క రోజే పులికి బలయ్యారు. ఈ రెండు రకాల చావులనూ విడివిడిగా చూడలేమండీ. ఒకదాని కోపం ఇంకొకదానికి కారణమవుతుంది.

ఆ మాట నాకు నా కళ్ళముందే తెలిసివచ్చింది. వ్యాసం రాసిన పిల్లవాడి మేనమామ నాకు తెలిసినవాడు. ఆయన పొలం అడవి అంచున ఉంది. అడవిపందులు రాత్రికి రాత్రి సగం పంట తొక్కేస్తాయి. ఒకరోజు సాయంత్రం వాళ్ళింటికి పోయేసరికి అరుగు మీద ఇనుప తీగ చుట్ట కనబడింది.

"ఇదెందుకు మామా?" అన్నాను.

"పందులకు సారూ. రాత్రి కరెంటు పెడ్త. పొద్దుగాల తీస్త."

"పులి తగిల్తే?"

ఆయన నా ముఖం వైపు చూసి, "తగిల్తే తగలనీ. మా అవ్వను అది అడిగి తిన్నదా?" అన్నాడు.

నేను అప్పుడు ఏమీ అనలేదు. మర్నాడు ఆ బీట్ గార్డునే పిలుచుకుని పోయాను. ఆయన చట్టం పుస్తకం తీస్తాడేమో అనుకున్నాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పులిని చంపితే కనీసం మూడేళ్ళ జైలు అన్న సంగతి అందరికీ తెలిసిందే. ఆయన చట్టం ఎత్తలేదు. తాను చూసిన ఒక చావు చెప్పాడు. పందికని పెట్టిన తీగ తగిలి, తెల్లవారుజామున బహిర్భూమికి పోయిన పక్క పొలం రైతు పడిపోయాడట. తీగ పెట్టినవాడు ఆ రైతుకు సొంత బావమరిది. "తీగెకు పంది ఎవరో, పులి ఎవరో, మన పిల్లగాడు ఎవరో తెలవది కాకా" అన్నాడు. మరాఠీ మాట్లాడే ఆ గార్డు ఆ ఒక్క వాక్యం మాత్రం మా తెలుగులో అన్నాడు. ఎక్కడ నేర్చుకున్నాడో అడగలేదు.

మేనమామ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మరి నా పంట? గవర్నమెంటు పైసలిస్తదంటరు. పోయినేడు ఫారం ఇచ్చిన. వాపసు వచ్చింది" అన్నాడు.

ఆ ఫారం తెప్పించి చూశాను. మరాఠీలో ఉంది. ఆయనకు చదవడం వచ్చినది తెలుగు ఒక్కటే. ఎవరో తెలిసీ తెలియక నింపారు. పొలం సర్వే నంబరు రాయాల్సిన చోట ఇంటి నంబరు ఉంది. నష్టం జరిగిన తేదీ లేనే లేదు. ఇందులో పులి తప్పు లేదు, పంది తప్పు లేదు, ఆయన తప్పూ లేదు. రెండు భాషలు వచ్చిన నాలాంటివాడు పక్కనే ఉండి ఇన్నేళ్ళు ఆ ఫారం ఒక్కసారైనా చేతిలోకి తీసుకోకపోవడం తప్పు.

శ్రోతలారా, నాలుగు సంభాషణల తర్వాత నాకు తెలిసిన సంగతి ఇదే. అడవిని కాపాడటం అంటే మనకు ఖాకీ బట్టలే గుర్తొస్తాయి. మన సరిహద్దు ఊళ్ళల్లో అది సగం అక్షరం పని. ఒక ఊరి అడవి దారిలో 'ఇక్కడ పులి సంచారం ఉంది' అని మరాఠీలో బోర్డు చూశాను. దాని కిందే కూర్చుని పత్తి ఏరడానికి అవతలి వైపు నుంచి వచ్చిన కూలీలు సద్ది తింటున్నారు. వాళ్ళకు ఆ బోర్డు ఒక నీడ మాత్రమే. ఇటువైపు వాళ్ళు మిరప కోతలకు తెలంగాణకు పోయి, రెండు మూడు నెలలకు తిరిగొచ్చి, తెల్లారే ఇప్పపూలకు బయల్దేరుతారు. తాము లేనప్పుడు ఏ పులి పిల్లలను పెట్టిందో వాళ్ళకు చెప్పేవాళ్ళెవరు?

అందుకని మా పిల్లలతో ఒక పని చేయించాను. గార్డు ఇచ్చిన సూచనలను మరాఠీలో ఒక అట్ట మీద, తెలుగులో ఒక అట్ట మీద, గోండి మాటలను తెలుగు లిపిలో ఒక అట్ట మీద రాయించాను. గోండి రాసేటప్పుడు పిల్లలు ఒకటి కనిపెట్టారు. మరాఠీలో వాఘ్ అంటాం. గోండిలో మాత్రం దాదాపు మన మాటే, పుల్లి అంటారు. "సార్, వాళ్ళూ మన చుట్టాలేనా?" అని ఒక పాప అడిగింది. అవునన్నాను.

ఆ అట్టల మీద రాసినవే మీకూ చెబుతాను. ఎవరైనా అడవి అంచున ఉంటే దయచేసి వినండి.

ఇప్పపూలకూ తునికాకుకూ ఒంటరిగా పోకండి. నలుగురు కలిసి పోండి, మాట్లాడుకుంటూ పోండి. బాగా తెల్లవారాక పోండి, పొద్దు వాలకముందే తిరిగి రండి. వంగి ఏరుతున్న మనిషి పులి కంటికి నాలుగు కాళ్ళ జంతువులా కనబడతాడు. కాబట్టి ఒకరు ఏరుతుంటే ఒకరు నిలబడి చుట్టూ చూడాలి. పులి కనబడితే పరుగెత్తవద్దు, వంగవద్దు. పశువును పులి చంపితే కళేబరాన్ని కదల్చకుండా వెంటనే అటవీ సిబ్బందికి కబురు పెట్టండి. పంచనామా జరిగితేనే పరిహారం వస్తుంది. ఆ కళేబరంలో విషం కలపవద్దు. దాన్ని రాబందులూ తింటాయి, మీ ఊరి కుక్కలూ తింటాయి. పొలానికి కరెంటు తీగ ఎన్నటికీ వద్దు. సోలార్ కంచెకు సబ్సిడీ ఉంది, అడిగి తెలుసుకోండి. మహారాష్ట్రలో అటవీ శాఖ సహాయానికి ఫోను నంబరు 1926. ఇంట్లో గోడ మీద బొగ్గుతోనైనా రాసి పెట్టుకోండి.

మనిషి పోయిన ఇంటికి మహారాష్ట్ర ప్రభుత్వం 2023 నుంచి 25 లక్షల రూపాయల పరిహారం ఇస్తోంది. డబ్బు మనిషిని తేదు. ఆ పిల్లవాడి అమ్మమ్మ పెరట్లో పెట్టిన కరివేపాకు చెట్టు ఇంకా ఉంది, పెట్టిన చెయ్యి లేదు. ఆ పరిహారం కాగితాలు కూడా సరిగా నింపలేక తిరిగే ఇళ్ళున్నాయి. చదువుకున్న ప్రతి పిల్లవాడూ, ప్రతి ఉపాధ్యాయుడూ ఆ ఇంటి ముందు ఒక్క గంట కూర్చోగలిగితే చాలు.

మేనమామ సంగతి అడుగుతారేమో. కొత్త ఫారం ఇద్దరం కూర్చుని నింపాం. తీగ చుట్ట అరుగు మీది నుంచి అటక మీదికి పోయింది. అమ్మలేదు, పారేయలేదు. పక్క పొలాల వాళ్ళు ఇద్దరితో కలిసి మంచె కట్టుకుని వంతులవారీగా కాపలా కాస్తున్నాడు. "ఈ ఏడు చూస్త సారూ. పైసలు రాకపోతే నన్నేం అనొద్దు" అన్నాడు. నేను ఏమీ అనలేదు. గార్డు మాత్రం వారానికోసారి ఆ మంచె దగ్గరికి పోయి చాయ తాగి వస్తున్నాడు. అది కూడా కాపలాయే అంటాడు.

ఇక ఆ వ్యాసం. ఏడాది చివర్లో ఆ కాగితాన్ని పిల్లవాడికి తిరిగి ఇచ్చాను. మార్కులు వేయలేదు. ఇంకేమైనా కలపాలనుకుంటే రాసుకో అన్నాను. మొదటి మూడు వాక్యాలనూ అలాగే ఉంచాడు. కింద ఇలా కలిపాడు. 'మా మామ తీగె తీసిండు. ఇప్పుడు మేము నలుగురం కలిసి పోతున్నం. ఒకరు నిలబడి చూస్తం.' పులిని ప్రేమిస్తున్నానని వాడు రాయలేదు. రాయమని నేనూ అడగలేదు.

ఇప్పపూల కాలం వస్తుంది. ఈ మాటలు విన్నవారు వినని ఇద్దరికి, వారికి వచ్చిన భాషలో చెప్పండి.